చంద్రుడి మీద బ్యాడ్జీల మిద్దె

చంద్రుడి మీద గాలి లేదు, నీళ్లు లేవు, తలదాచుకోవడానికి మబ్బు తునక కూడా లేదు. సూర్యుడూ, ఆ వెనకెక్కడో ఉన్న నక్షత్రాలూ కలిసి రాత్రింబవళ్లు కిరణాలు కురిపిస్తూనే ఉంటాయి. భూమ్మీద మనల్ని కాచే గాలి దుప్పటి అక్కడ లేదు కాబట్టి ఆ కిరణాలు రేకును దాటి, చొక్కాను దాటి, చర్మాన్ని దాటి ఎముకల్లోని మూలుగ దాకా పోతాయి. ఇంత ప్రమాదమైన చోటికి మనుషుల్ని పంపేముందు అత్యవసరంగా కావలసింది ఏమిటని పెద్దలంతా కూర్చుని ఆలోచించి, ఒక ఆఫీసు కావాలని తేల్చారు.

ఆ ఆఫీసు పేరు చంద్రలోక కిరణ నివారణ సంస్థ. సముద్రం ఒడ్డున సరుగుడు తోపుల మధ్య నాలుగంతస్తుల్లో ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు దాన్ని కిరణాలాఫీసు అంటారు. మూడో అంతస్తులో కూర్చునే మోతాదు అధికారి చెంచురామయ్య. చంద్రుడి మీద కాపురం పెట్టిన ఇద్దరి చొక్కాలకున్న బ్యాడ్జీలు నెలనెలా ఏ అంకె చూపాయో రిజిస్టరులో ఎక్కించడం ఆయన ఉద్యోగం. బ్యాడ్జీ అంటే అగ్గిపెట్టెంత వస్తువు. ఎన్ని కిరణాలు తగిలితే అంత అంకె చూపుతుంది. అది ఎవరినీ కాపాడదు, ఎంత దెబ్బ తగిలిందో చెబుతుంది అంతే. ఈ సంగతి ఆ నాలుగంతస్తుల్లోనూ చెంచురామయ్యకు ఒక్కడికే గుర్తుంది. గుర్తుండి లాభం లేదు, ఎందుకంటే ఆయన ముప్ఫయ్యేళ్లుగా రకరకాల ఆఫీసుల్లో ఏ ఎండకా గొడుగు పట్టి నెట్టుకొస్తున్న మనిషి.

పైనున్న ఇద్దరిలో కస్తూరి ఊరు కావలి. రాళ్ల శాస్త్రం చదివింది, జట్టుకు నాయకురాలు. మస్తాన్ ఇంజనీరు, కోట అనే ఊరి పక్క పల్లెవాడు. ఇద్దరికీ కిరణాల పాఠం చెప్పింది చెంచురామయ్యే. రాకెట్టు ఎక్కే రోజు బ్యాడ్జీలు తన చేత్తో తగిలించి, "అంకె పెరిగితే నాకు చెప్పండి నాయనా, మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.

మొదటి నెల కస్తూరి బ్యాడ్జీ నలభై ఒకటి చూపింది. పరిమితి ముప్ఫై. చెంచురామయ్య అంకెను ఎర్ర సిరాతో రాసి, కింద ఒక నోటు పెట్టాడు. వాళ్లుండే గొట్టం గోడ వేలి మందం రేకు, అది చాలదు, చంద్రుడి మట్టినే సంచుల్లో నింపి పైన రెండు మీటర్లు కప్పితే కిరణాలు ఆగుతాయి, దానికి కావలసిన సంచులు పైనే ఉన్నాయి. నోటు అరపేజీ కూడా లేదు. అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఎర్ర అంకెను మాత్రం అందరూ చూశారు.

మర్నాడే అత్యవసర సమావేశం. డైరెక్టరు పద్మనాభం గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన కళ్లజోడు తీశారంటే ఎవరికో మూడిందని అర్థం.

"నలభై ఒకటి! మన సంస్థ సుదీర్ఘ చరిత్రలో ఇటువంటి అవాంఛనీయ పరిణామం ఇదే ప్రథమం" అన్నారు. సంస్థ పుట్టి అప్పటికి ఎనిమిది నెలలు.

నిబంధనల సలహాదారు వరదరాజులు లావుపాటి పుస్తకం తెరిచాడు. ఆయనకు భార్యాబిడ్డల పుట్టినరోజులు గుర్తుండవు గానీ నిబంధనల నంబర్లు నిద్రలో అడిగినా చెబుతాడు. "నిబంధన పన్నెండు. ఏ బ్యాడ్జీయు నెలకు ముప్ఫై యూనిట్లకు మించిన కిరణములకు గురి కారాదు. అట్లు గురియైనచో సంస్థాధిపతి బాధ్యుడగును."

సంస్థాధిపతి గారు ఉలిక్కిపడ్డారు. "అయితే ఆ బ్యాడ్జీ కిరణాల్లోకి ఎలా వెళ్లింది?"

"కస్తూరి చొక్కాకుంది గదండీ. ఆ పిల్ల యాడికి పోతే అదీ ఆడికే పోతుంది" అన్నాడు చెంచురామయ్య.

"అంటే ఒక ఉద్యోగిని తన విధి నిర్వహణలో ప్రభుత్వ ఆస్తిని ప్రమాదానికి గురిచేస్తున్నది. తక్షణం నివారించాలి."

ఆ సాయంత్రమే సర్క్యులరు వెళ్లింది. బ్యాడ్జీలను ఇకపై ధరించరాదు. సీసపు పెట్టెలో పెట్టి, పెట్టెను మంచం కింద భద్రపరచవలెను.

"అయ్యా, బ్యాడ్జీ పెట్టెలో ఉంటే మనిషికెంత తగిలిందో ఎట్టా తెలుస్తాదండీ?" అని చెంచురామయ్య అడిగాడు.

"తెలియాలని ఏ నిబంధనలో ఉన్నది?"

వరదరాజులు పుస్తకం ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పాడు. "లేదండి."

జ్వరమొచ్చిన పిల్లాడి నోట్లోంచి థర్మామీటరు తీసి కుండలో ముంచి, జ్వరం తగ్గిందని చెప్పినట్టుంది వ్యవహారం. చెంచురామయ్యకు ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చిన మాటను వచ్చినట్టే మింగి, సర్క్యులరు కింద సంతకం పెట్టాడు. తిలా పాపం తలా పిడికెడు.

రెండో నెల అంకె ఒకటిన్నరకు దిగింది. సంస్థకు జాతీయ స్థాయి భద్రతా పురస్కారం వచ్చింది. పద్మనాభం గారు శాలువా కప్పుకుని ఫొటో దిగారు. మూడో నెలలో ఆయనకు ఆ ఒకటిన్నర మీద కన్ను పడింది. కొన్ని కిరణాలు సీసాన్ని కూడా దాటుకుని వస్తాయనీ, పూర్తిగా ఆపాలంటే మట్టే శరణ్యమనీ ఎవరో చెప్పారు. వెతికితే ఆ విషయం మీద పాత నోటు ఒకటి దొరికింది. అది చెంచురామయ్య రాసినదే.

"అద్భుతమైన సూచన. దీన్ని ఇన్నాళ్లు ఎందుకు తొక్కిపెట్టారు?" అని పద్మనాభం గారు ఆయన్నే కోప్పడ్డారు.

చెంచురామయ్య సంతోషంతో ఉబ్బితబ్బిబ్బయ్యాడు. అయితే మంజూరైన ప్లానులో మట్టి కప్పబోయేది మనుషులుండే గొట్టం మీద కాదు. పక్కనే కొత్తగా ఒక గది కట్టి, దాని మీద రెండు మీటర్ల మట్టి సంచులు పేర్చి, లోపల బ్యాడ్జీలకు అరలు పెట్టాలి. మనుషుల గొట్టం సంగతి రెండో దశలో పరిశీలిస్తారు. కొత్త గదికి కేంద్రీయ బ్యాడ్జీ సంరక్షణ భవనం అని పేరు పెట్టారు. మస్తాన్ దాన్ని బ్యాడ్జీల మిద్దె అన్నాడు.

నలభై రోజులు కస్తూరీ మస్తానూ రోజుకు ఐదు గంటల చొప్పున ఆరుబయట మట్టి తవ్వారు. నెత్తిన మబ్బు లేదు, ఒంటి మీద అంతరిక్ష సూటు గుడ్డ తప్ప మరో అడ్డం లేదు. బ్యాడ్జీలు మాత్రం మంచం కింద సీసపు పెట్టెలో హాయిగా ఉన్నాయి. రెండువేల సంచులు ఒకదాని మీద ఒకటి పేర్చేసరికి మస్తాన్ చేతులు బొబ్బలెక్కాయి.

"సార్, ఒక మాట" అంది కస్తూరి ఆ వారం రేడియోలో. చంద్రుడికి మాట పోయి జవాబు రావడానికి రెండు మూడు క్షణాలు పడుతుంది. ఆ కాస్త సేపు చెంచురామయ్య ఎప్పుడూ చెవిని రేడియోకు ఆనించి ఉంచేవాడు. "మా నెత్తిన వేలి మందం రేకుండాది. బ్యాడ్జీ నెత్తిన రెండు మీటర్ల మట్టుండాది. మేమిద్దరం మిద్దెలో పడుకుని, బ్యాడ్జీల్ని మా మంచం మీద పడుకోబెడితే కుదరదా?"

"కుదరదమ్మా. మనిషి ఊపిరి తడికి బ్యాడ్జీ చెడిపోతాదంట. లోపల తొంభై సెకన్లకు మించి ఉండకూడదని రాశారు. తాళం కూడా డైరెక్టరు గారి బల్ల మీదనే ఉండాది. ఈడ మీట నొక్కితేనే ఆడ తలుపు తెరుచుకుంటాది."

"మిగతాది నేను చూసుకుంటానన్నారు గదా సార్."

చెంచురామయ్యకు సిగ్గేసింది. సిగ్నలు సరిగా లేదని అబద్ధం చెప్పి రేడియో కట్టేశాడు.

ఐదో నెలలో ఒకరోజు, పొద్దున పదకొండున్నరకు, సూర్యుణ్ణి కనిపెట్టుకుని ఉండే కేంద్రం నుంచి ఫోనొచ్చింది. సూర్యుడి మీద పెద్ద పేలుడు జరిగింది. మూడు గంటల్లో కిరణాల తుఫాను చంద్రుణ్ణి తాకుతుంది. రేకు గొట్టంలో ఉన్న మనిషి ఒక్క రోజులో ఏడాది మోతాదు తింటాడు, ఆపైన బతికి బట్టకట్టడం కష్టం.

చెంచురామయ్య మెట్లు రెండేసి చొప్పున దిగి డైరెక్టరు గదిలోకి పరిగెత్తాడు. "అయ్యా, మీట నొక్కండి! పిల్లలిద్దరూ మిద్దెలోకి పోవాల!"

పద్మనాభం గారు ఆయన్ను కూర్చోమన్నారు. "మానవ భద్రత మన సంస్థకు ప్రాణప్రదం. అందులో రెండో అభిప్రాయానికి తావు లేదు. అయితే సంరక్షణ భవనంలో మనుష్య నివాసం ఏ నిబంధన కింద?"

వరదరాజులు వచ్చాడు, పుస్తకమూ వచ్చింది. "తొంభై సెకన్ల వరకు అభ్యంతరం లేదండి. తుఫాను ఎంతసేపు?"

"ముప్ఫై గంటలు" అన్నాడు చెంచురామయ్య.

"అయితే తొంభై సెకన్లు లోపల, మళ్లీ బయటికి, మళ్లీ లోపలికి. అలా చేసుకోవచ్చు."

"తొంభై సెకన్లకోసారి బయటికొస్తే ఇంక లోపలికి పోవడం దేనికండీ?"

"నిబంధన ప్రయోజనాన్ని ప్రశ్నించడం నా పరిధిలోకి రాదు."

ఒక ఉపసంఘం వేద్దామని పద్మనాభం గారు ప్రతిపాదించారు. ఉపసంఘం స్వయంగా స్థలాన్ని సందర్శించి నివేదిక ఇవ్వాలని వరదరాజులు జోడించాడు. స్థలం చంద్రుడి మీద ఉందని ఎవరో గుర్తుచేయగా, ప్రయాణ అనుమతుల గురించి అరగంట చర్చ జరిగింది. ఇంతలో ఒంటిగంట కొట్టింది. క్యాంటీన్‌లో ఆ రోజు చేపల పులుసు. సమావేశం భోజనానికి లేచింది.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. చెంచురామయ్య ఖాళీ గదిలో ఒక్కడే మిగిలిపోయాడు. ఆయనకు అప్పుడు భయం కన్నా కోపం ఎక్కువగా వచ్చింది, అదీ ముందు తన మీద తనకు. గట్టిగా అరిచి ఏ ఆఫీసులోనూ ఎవరూ ఏదీ సాధించలేదని ముప్ఫయ్యేళ్ల సర్వీసు ఆయనకు నేర్పింది. ముల్లును ముల్లుతోనే తీయాలి. వరదరాజులు వదిలిపెట్టి వెళ్లిన పుస్తకాన్ని దగ్గరికి లాక్కున్నాడు. పన్నెండు దాటి, పదిహేను దాటి, పంతొమ్మిది దగ్గర వేలు పెట్టి, కాగితం తీసి రాయడం మొదలుపెట్టాడు.

రెండు గంటలకు అందరూ త్రేన్చుకుంటూ వచ్చి కూర్చున్నాక లేచి నిలబడి చదివాడు. "నిబంధన పంతొమ్మిది. బ్యాడ్జీతో పాటు దాని అనుబంధ సామగ్రియు ఎల్లవేళల ఉండవలెను. క్లిప్పు, తాడు, బ్యాడ్జీని పెట్టు సంచి మొదలగునవి అనుబంధ సామగ్రి. సంచిని క్లిప్పు పట్టుకొనును, క్లిప్పును చొక్కా పట్టుకొనును, చొక్కాను మనిషి పట్టుకొనును. కావున మనిషి బ్యాడ్జీకి అనుబంధ సామగ్రి. తొంభై సెకన్ల నియమము మనుషులకే గాని సామగ్రికి వర్తించదు. ప్రస్తుతము బ్యాడ్జీలు ఒకచోట, వాటి అనుబంధ సామగ్రి రెండు మరొకచోట ఉన్నవి. ఇది ఉల్లంఘన. దీనికి సంస్థాధిపతి బాధ్యుడగును."

వరదరాజులు పుస్తకం తీసుకుని పంతొమ్మిది రెండుసార్లు చదివాడు. ఆయన ముఖంలో ఒక గొప్ప సంగీతం విన్నవాడి తృప్తి కనిపించింది. "మొదలగునవి అని ఉన్నదండి. మనిషి అందులోకి వస్తాడు. బ్రహ్మాండంగా వస్తాడు."

"ఇంత ఘోరమైన ఉల్లంఘన జరుగుతుంటే ఇప్పటిదాకా చోద్యం చూస్తున్నారా!" అని పద్మనాభం గారు మీట మీద పిడికిలితో గుద్దారు.

తుఫానుకు పన్నెండు నిమిషాల ముందు మిద్దె తలుపు తెరుచుకుంది. కస్తూరి, మస్తాన్ లోపలికి దూరారు. ముప్ఫై గంటలు అరల కింద కాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. చెంచురామయ్య రేడియో పక్కనే కూర్చుని, వాళ్లు మాట్లాడినా మాట్లాడకపోయినా వింటూనే ఉన్నాడు. తుఫాను పోయాక "ఉండాం సార్, ఇద్దరం ఉండాం" అని మస్తాన్ గొంతు వినబడగానే బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు.

"బ్యాడ్జీలు ఎంత చూపాయి?" అని పద్మనాభం గారు ఫోను చేశారు.

"సున్నా అండీ."

"భేష్. అనుబంధ సామగ్రి కూడా క్షేమమేనా?"

ఆరో నెల చివర ఇద్దరూ సముద్రంలో దిగారు. పద్మనాభం గారు స్వయంగా వచ్చి బ్యాడ్జీలను పట్టుగుడ్డ పరిచిన పళ్లెంలోకి తీసుకున్నారు. వారం తిరిగేసరికి సిబ్బంది విభాగం నుంచి ఉత్తర్వులొచ్చాయి. కస్తూరి, మస్తాన్‌ల రికార్డులో తుఫాను నెల మోతాదు సున్నా ఉన్నందున, ఇంత ఆరోగ్యంగా చంద్రుడి మీద నివసించినవారు మరెవరూ లేనందున, వచ్చే నెలలో ఏడాది పాటు మళ్లీ పంపాలని నిర్ణయించడమైనది.

కస్తూరి ఆ ఉత్తర్వు పట్టుకుని మూడో అంతస్తుకొచ్చింది. మనిషి సగమైంది. చెంచురామయ్య ఎదురుగా కుర్చీలో కూలబడింది.

"నెల్లూర్లో డాక్టరు రక్తం చూశాడు సార్. కణాలు బాగా పడిపోయినాయంట. ఒంటికెంత తగిలిందో చెప్తేనే మందు తేల్తానన్నాడు. కాగితం మీదేమో సున్నా ఉండాది. ఇంకోసారి పోతే నేను తిరిగిరాను సార్. మస్తాను కూడా రాడు."

చెంచురామయ్య రిజిస్టరును పక్కకు నెట్టాడు. గొట్టంలో ఉన్న రోజులు, మట్టి తవ్విన గంటలు, మిద్దెలో దాక్కున్న గంటలు ఒక్కొక్కటే కస్తూరిని అడిగి లెక్కగట్టాడు. రెండు కాగితం ముక్కల మీద సుమారు మూడువందల పది అని రాసి, సంతకం చేసి ఇచ్చాడు. "ఒకటి నీకు, ఒకటి మస్తానుకు. మీ డాక్టర్లకు ఈయండి. ఈ అంకెను ఆఫీసు నమ్మదు. ఆఫీసుకు ఇంకోటి రాస్తా."

ఆఫీసుకు రాసింది స్టోర్సు ఫారం. విరిగిన కుర్చీలనూ, పాడైన టైపు మిషన్లనూ పనికిరావని తేల్చి కండెమ్ చేయడానికి వాడే ఫారం అది. వస్తువు పేరు దగ్గర బ్యాడ్జీ అనుబంధ సామగ్రి అనీ, సంఖ్య రెండు అనీ రాశాడు. స్థితి దగ్గర "నిరంతర వాడకం వల్ల అరిగిపోయినవి, మరమ్మతుకు లొంగవు, ఇకపై పనికిరావు" అని రాశాడు. ఆరు నెలల్లో మనుషుల గొట్టం మీద ఒక్క మట్టి సంచికి దొరకని సంతకం దానికి పది నిమిషాల్లో దొరికింది. పనికిరాని సామాను ఆఫీసులో పేరుకుపోవడం పద్మనాభం గారికి మొదటి నుంచీ గిట్టదు.

గేటు దగ్గర కాపలావాడికి ఇవ్వాల్సిన చీటీని కస్తూరి బయటికొస్తూ చదువుకుంది. అనుబంధ సామగ్రి, పనికిరానివి, బయటికి పోనివ్వవలెను.

"ఇన్నాళ్లకు మా గురించి ఒక నిజం రాశారు సార్" అని, గేటు దాకా సాగనంపడానికి వచ్చిన చెంచురామయ్య వైపు చూసి పడీపడీ నవ్వింది. ఆ పిల్ల నవ్వడం చూసి ఆరు నెలలైంది. చెంచురామయ్య కూడా నవ్వాడు. ఆ రోజు ఇంటికెళ్లి కడుపునిండా అన్నం తిన్నాడు.

సోమవారం ఆఫీసుకొచ్చేసరికి బల్ల మీద కొత్త కాగితం ఉంది. పై ప్రయాణానికి కావలసిన సామగ్రి కోసం స్టోర్సుకు ఇచ్చే ఇండెంటు. పద్మనాభం గారి సంతకం, వరదరాజులు సంతకం అప్పటికే పడ్డాయి. బ్యాడ్జీలు రెండు, క్లిప్పులు పన్నెండు, తాళ్లు పన్నెండు, సంచులు పన్నెండు, మనుషులు రెండు. అరిగినచో మార్చుటకు అదనముగా మనుషులు రెండు. ఆధారము: నిబంధన పంతొమ్మిది, దానిపై మోతాదు అధికారి శ్రీ చెంచురామయ్య గారి విశిష్టమైన నోటు. ఇకపై ఈ వస్తువుకు వైద్య పరీక్షలు, సెలవులు అవసరం లేనందున సిబ్బంది విభాగానికి శ్రమ తగ్గిందని అడుగున ప్రశంస కూడా ఉంది.

ఆయన దాన్ని మూడుసార్లు చదివాడు. ఇద్దరిని బయటపడేయడానికి తన చేత్తో తవ్విన దారి అది. ఇప్పుడు ఆ దారినే నలుగురిని లోపలికి తోస్తున్నారు. ఫోను మోగింది. అవతల స్టోర్సు గుమాస్తా రమణయ్య.

"సార్, ఇండెంటు కాపీ నాకూ వచ్చింది. క్లిప్పులకు సైజు రాశారు, తాళ్లకు పొడుగు రాశారు. మనుషులకు ఏమీ రాయలేదే. ఏ సైజు పంపమంటారు?"

చెంచురామయ్య ఇండెంటులో మనుషులు అన్న చోట వేలు పెట్టి, "నా సైజు రాసుకో రమణయ్యా" అన్నాడు.

అవతల కాగితం తిప్పిన చప్పుడు, పెన్ను మూత తీసిన చప్పుడు వినిపించాయి.

"చెప్పండి సార్. నడుమెంత?"